నాలుగో నంబరు గాలి

మా బావ కారును ఎవరైనా ఉత్త కారు అంటే ఆయనకు చిన్నతనం. స్పోర్ట్స్ కారు అనాలి. అది 2002 నాటి ఫియట్ పాలియో 1.6. చూడ్డానికి అయిదుగురు కూర్చునే మామూలు హ్యాచ్‌బ్యాకే గానీ, బానెట్ కింద 1,596 సీసీ ఇంజను, 100 హార్స్‌పవర్ ఉన్న మాట నిజం. ఆ రోజుల్లో మన చిన్న కార్లలో చాలావాటికి అందులో సగమో, ఆపైన కొంచెమో ఉండేది. ఆ నూరు గుర్రాలూ ఇప్పుడు మీర్‌పేట్‌లో టీకేఆర్ కమాన్ దగ్గర షేర్ ఆటోల వెనక, కూరగాయల బండికి దారిస్తూ, స్పీడ్ బ్రేకర్ల మీద మూలుగుతూ నడుస్తుంటాయి. "కొనేటప్పుడు రోడ్డు జూసినవా బావా?" అంటే, "దమ్ము జూసిన" అంటాడు.

పైగా చుట్టరికం ఒకటుంది. అప్పట్లో ఫెరారీ ఫియట్ చేతికిందే ఉండేది. సచిన్ టెండూల్కర్ పాలియో ప్రకటనల్లో కనిపించేవాడు. 2002లో బ్రాడ్‌మన్ 29 టెస్టు సెంచరీల లెక్కను అందుకున్నందుకు ఆయనకు ఫెరారీ 360 మోడెనా బహుమతిగా వచ్చింది. సిల్వర్‌స్టోన్‌లో మైకేల్ షుమాకర్ స్వయంగా అందించాడు. దాని దిగుమతి సుంకం మీద మరుసటేడు దేశమంతా రచ్చయి, చివరికి ఆ సుంకం ఫియటే కట్టింది. ఈ కథ బావ నోట వినని మనిషి మా చుట్టుపక్కల లేడు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి కూడా విన్నాడు, పాపం బండ భుజాన ఉండగానే. కథకు ముక్తాయింపు ఒకటే: "ఫెరారీ మనకు పాలోళ్ళురా." ఆ వెంటనే కొంచెం నిష్ఠూరం: "ఆయనకు సుంకం కంపెనీ కట్టింది. మన గ్రీన్ టాక్స్ మాత్రం మనమే కట్టుకోవాలె."

ఇలాంటి మనిషి మీ వీధిలోనూ ఉంటాడు. ఆదివారం పొద్దున బనీను మీద, కారు తలుపు బార్లా తెరిచి, కాళ్ళు రోడ్డు మీద, తల స్టీరింగ్ కింద. ప్రాణం ఉందా లేదా అని మనకు అనుమానం వచ్చేలోపు "టార్చి ఇటు కొట్టు" అన్న మాట లోపల్నుంచి వస్తుంది. ఆ టార్చి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం బామ్మర్దిది, అంటే నాది. వెలుతురు ఎటు చూపించినా తప్పే. "అక్కడ గాదు... జర పైకి... అరే, నా కంట్ల గొడ్తవేందిరా!"

డాష్‌బోర్డుకు వచ్చిన రోగంలో కంపెనీ తప్పేమీ లేదు. దాన్ని చెరువు తెచ్చిపెట్టింది. 2020 అక్టోబరు వానలకు మీర్‌పేట్ చెరువులు పొంగి, మిథిలానగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న సంగతి ఈ వైపు వాళ్ళెవరూ మరిచిపోలేదు. బావ కారు సీట్ల దాకా మునిగింది. ఇంటిల్లిపాదీ బియ్యం బస్తా, టీవీ, పిల్లల సర్టిఫికెట్లు మేడమీదికి మోస్తుంటే ఈయన మోకాటి లోతు నీళ్ళలో గొడుగు పట్టుకుని కారుకు ధైర్యం చెప్పాడని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

నీళ్ళు తీశాక, ఆయిల్ మార్చాక ఇంజను మొండిగా స్టార్టయింది. డాష్‌బోర్డు వెనక మాత్రం కనెక్టర్ల పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. చిలుము పట్టిన చోట కరెంటు సరిగా పారదు. ఎర్త్ వైరు బోల్టు తుప్పు పడితే ఇంకా తమాషా. బాడీలోకి దిగాల్సిన కరెంటు దారి దొరక్క పక్క బల్బులోంచి తిరిగిపోతుంది. అందుకే బావ ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా కన్ను కొడుతుంది. హారన్ అయితే స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడే మోగుతుంది. కుడివైపు నుంచి వచ్చేవాళ్ళను ఆ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామే చూసుకోవాలి. తడిసిన రిలేలన్నీ ఊడబీకి, ఆరతాయని అక్క బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు. ఒకటి ఎసట్లోకి కూడా వెళ్ళింది.

అన్నిటికన్నా ఘనమైంది బ్లోయర్. దాని మీటకు నాలుగు అంకెలు. ఒకటి, రెండు, మూడు వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. నాలుగు వేస్తే గాలిదుమారం. కారణం చిన్నదే. మొదటి మూడు వేగాలకూ కరెంటు రెసిస్టర్ గుండా తగ్గి పోతుంది. నాలుగోదానికి నేరుగా పోతుంది. రెసిస్టర్ మాడితే మిగిలేది నాలుగే. ఈ ముక్క బావ నాకు బొమ్మ గీసి మరీ చెప్పాడు. మరి మార్చాడా? లేదు. "మార్చుడు ఎవడన్నా జేస్తడు. అసలు ఎందుకు మాడిందో తెల్వాలె గద!"

నాకూ ఆయనకూ తేలని లెక్క ఇక్కడే ఉంది. నా నిశ్చితార్థం సాగర్ రోడ్డులోని ఒక ఫంక్షన్ హాల్లో. "పెళ్ళికొడుకు ఆటోల పోతడా?" అని బావ పంతం పట్టాడు. మే నెల. అద్దాలు దించే స్విచ్‌లు ఆ పూట మొరాయించాయి కనుక నాలుగో నంబరే దిక్కయింది. ముందు సీట్లో నేను, వెనక అమ్మ, అక్క, వాళ్ళ ఒళ్ళో తాంబూలం పళ్ళేలు. కర్మన్‌ఘాట్ దాటేసరికి అక్క జడలో మల్లెలు వెనకద్దానికి చేరాయి. గిన్నెలో అక్షింతలు ముహూర్తం దాకా ఆగలేక కారులోనే మమ్మల్ని ఆశీర్వదించాయి. నేను దిగేసరికి నా జుట్టు మొత్తం వెనక్కి లేచి నిలబడి ఉంది. తడి చేసినా, దువ్వినా పడుకోలేదు. ప్రతి ఫోటోలోనూ అంతే. అబ్బాయికి ఏదో చూసి జడుపు తగిలినట్టుందని మా అత్తగారి తరఫు ముసలావిడ అన్నదట. బావ ఆ ఆల్బం తిరగేసినప్పుడల్లా మురిసిపోతాడు: "జూసినవా, ఆ దినం ఏసీ ఎంత మంచిగ కొట్టిందో!"

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయడం ఆయనకు మడి. అది సరైన పద్ధతే, షార్ట్ కాకుండా కాపాడుతుంది. తీసిన ప్రతిసారీ గడియారం మొదటికొస్తుంది. దాన్ని సరిచేయడు. అందువల్ల ఆ గడియారం మనకు టైము చెప్పదు, డాష్‌బోర్డు కిందటిసారి విప్పి ఎంతసేపయిందో చెబుతుంది. మిగిలిపోయిన మరలు హార్లిక్స్ సీసాలో ఉంటాయి. "కంపెనీవాడు భయానికి ఎక్కువ బిగిస్తడు" అని సిద్ధాంతం. పనిచేయని స్విచ్‌లకు అక్క బొట్టుబిళ్ళల అట్టలోంచి ఎర్రబొట్టు, మనసైతే పనిచేసేవాటికి నల్లబొట్టు అంటించాడు. బొట్టు లేనిది హాయిగా నొక్కొచ్చు. బొట్టు లేనిది సిగరెట్ లైటర్ ఒక్కటే. బావకు సిగరెట్ అలవాటు లేదు.

ఒక అర్ధరాత్రి ఫోను చేశాడు. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని లేచి కూర్చున్నాను. ఆ కాలపు ఫెరారీల లోపలి మీటలకు వేసిన మెత్తటి పూత ఏళ్ళు గడిస్తే జిగురుగా మారి వేళ్ళకు అంటుకుంటుందట. 360 మోడెనా వాళ్ళు కూడా మీటలు ఊడదీసి ఆ పూత గీకించుకుంటారట. ఇది నిజమే. కానీ నిజం చెప్పడానికి పొద్దున దాకా ఆగొచ్చు. "కోట్ల కార్లల్ల గూడ గిదే కథరా బామ్మర్దీ!" అంటున్న గొంతులో, రాజుగారికీ మన జ్వరమే వచ్చిందన్నంత సంబరం. నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఒకసారి బావ దశదినకర్మకని నల్గొండ వెళ్తే, అక్క నన్ను తోడు తీసుకుని కారును ఆటోనగర్‌లో ఒక కారు ఎలక్ట్రీషియన్ దగ్గరికి తోలించింది. ఆ కుర్రాడు బొమ్మలు గీయలేదు. ఎర్త్ బోల్టు ఉప్పుకాగితంతో రుద్దాడు, కనెక్టర్లలో క్లీనర్ కొట్టి చిలుము దులిపాడు, విడిపోయిన చోట సోల్డరింగ్ చేశాడు, కొత్త రెసిస్టర్ వేశాడు. మేము ఇంకా టీ తాగుతూనే ఉన్నాం, అయిపోయిందన్నాడు.

బావ వచ్చి కూర్చుని ఒకటి వేశాడు. చల్లగా, సన్నగా గాలి. రెండు వేశాడు. ఇండికేటర్ వేశాడు. పార్కింగ్ లైటు కన్ను కొట్టలేదు. ఆయన ముఖం చూస్తే నాకే బాధేసింది. "ఎవడు ముట్టిండు?" అన్నాడు. రాత్రి సరిగా తినలేదు. మర్నాడు బొట్లన్నీ ఒక్కొక్కటే గీకి తీశాడు. వారం గడిచేసరికి తేరుకుని, "వాడు మంచిగనే జేసిండు గని, చప్పుడు మారింది" అని తేల్చాడు. ఆ ఆదివారం డాష్‌బోర్డు మళ్ళీ విప్పాడు. సోమవారం నుంచి మళ్ళీ నాలుగో నంబరు గాలే. అక్క మాట్లాడటం మానేసింది. ఆయన మాత్రం ఆ వారమంతా ఈలవేస్తూ తిరిగాడు.

నేను కొన్న కారులో మీటలు లేవు. ఏసీ తగ్గించాలన్నా తెర మీద వెతుక్కోవాలి. 2026 నుంచి కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు హారన్, ఇండికేటర్, వైపర్ లాంటివాటికి చేత్తో నొక్కే మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తామన్న వార్తను బావ కుటుంబ గ్రూపులో పెట్టి, కింద నా పేరు రాశాడు. ఆ పాపమే తగిలిందేమో, మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో తెర బిగుసుకుపోయింది. నేనెవరికీ చెప్పలేదు. మా చిన్నది చెప్పేసింది. అరగంటలో బావ గేటు ముందున్నాడు, సంచీతో. డ్రైవర్ సీట్లో కూర్చుని తెర చుట్టూ గోటితో తడిమాడు. "దీనికి మరలు ఎక్కడ పెట్టిన్రురా?" అన్నాడు, నన్ను కాదు, కారును.

అంతలో అక్క ఫోను. "మీ బావ అటొచ్చిండా? స్క్రూడ్రైవర్లు కనబడ్తలేవు. ముందుగాల కారు తాళం దాచిపెట్టు."

"ఆయన చేతిల్నే ఉందక్కా."