నీళ్లు కొట్టి చల్లార్చే ప్రకృతి

ఈ ఏటి హైదరాబాద్ ప్లేస్కూళ్ల అడ్మిషన్ కరపత్రాలు తిరగేసినవారికి, పసిపిల్లల చదువులో అబాకస్ యుగం ముగిసి వనవాస యుగం మొదలైందన్న సంగతి తేటతెల్లమయ్యే ఉంటుంది. నాలుగంతస్తుల అద్దాల మేడలో, లిఫ్టు పక్క ఏసీ గదిలో మూడేళ్ల పిల్లలను ప్రకృతి ఒడిలో పెంచుతామంటున్న యాజమాన్యాల సాహసం మెచ్చదగ్గదే. వాల్మీకి ఆశ్రమానికైనా జనరేటర్ ఉన్నట్టు ఏ పురాణమూ చెప్పలేదు.

ఈ ఉద్యమానికి మూలస్తంభం కృత్రిమ పచ్చిక, అంటే ఆకుపచ్చ పాలిథిన్ పోగులను పట్టీకి కుట్టి తయారుచేసే చాప. అది పెరగదు, వాడదు, చీమను చేరనివ్వదు, యూనిఫారానికి మరక అంటించదు గనుక, ప్రకృతిలో యాజమాన్యాలకు నచ్చని గుణాలన్నీ తీసేసిన ప్రకృతిగా దానికి ఆదరణ దక్కింది. మూలల్లో జిగురు ఊడి చాప లేచినచోట సిమెంటు బయటపడుతుందనీ, సాయంత్రం పిల్లల సాక్సులకు అంటిన పచ్చ పోగులను ఆయాలు ఏరుతుంటారనీ కరపత్రంలోని ఫొటోలు చెప్పవు.

నిజమైన గడ్డి తనలోని నీటిని ఆవిరిగా వదులుతూ నేలను చల్లబరుస్తుంది. ఈ చాపకు ఆ విద్య రాదు గనుక ఏప్రిల్ ఎండకు అరికాలు ఆనించలేనంతగా కాగుతుంది, అప్పుడు పైపు తెచ్చి దానిమీద నీళ్లు కొట్టవలసి వస్తుంది. నీళ్లు అక్కరలేదని కొన్న గడ్డికి నీళ్లు పెట్టే ఈ కార్యక్రమాన్ని జలసంరక్షణ పాఠంగా ఇంకా ప్రకటించకపోవడమే వింత.

కొన్నిచోట్ల పోగులు వాలిపోకుండా మధ్యలో రబ్బరు రవ్వ పోస్తారు. అది చాలావరకు పాత టైర్లను తురిమి చేసినది. ఇలా కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్‌లను, అంటే 5 మిల్లీమీటర్లకు మించని ప్లాస్టిక్ రేణువులను, యూరోపియన్ యూనియన్ 2023లో నిషేధించి, ఆటస్థలాల రవ్వకు మాత్రం ఎనిమిదేళ్ల గడువిచ్చింది. అక్కడ గడువు పెట్టి వదిలించుకుంటున్న సరుకు ఇక్కడ అదనపు వసతిగా రుసుములో చేరుతున్నది.

గోడమీద రంగుల అడవి, స్పీకర్లో కోయిల, ఏడాదికొకనాడు చేతితొడుగులతో జరిపే మట్టి పండుగల గురించి వేరే చెప్పనక్కరలేదు.

వ్యంగ్యం ఇక్కడితో చాలు. బస్సు తిరగడానికి అడ్డమని గేటు పక్కన కానుగచెట్టును కొట్టించి, ఆ నీడ పోయిన చోటే ప్లాస్టిక్ పరిచి, దానికి 'నేచర్ జోన్' అని పేరుపెట్టి తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజడం పచ్చి మోసం. 1837లో జర్మనీలో పసిపిల్లల బడికి పునాది వేసిన ఫ్రోబెల్, ప్రతి బిడ్డకూ తాను సాగుచేసుకునే ఒక చిన్న మడి ఉండాలన్నాడు. ఆయన పేరు చెప్పుకునే బళ్లలో బిడ్డ వేలు తడి మట్టిని తాకితే శానిటైజర్ సీసా పరుగెత్తుకొస్తున్నది. టోక్యో దగ్గర తచికావాలో 2007లో కట్టిన ఫుజి కిండర్‌గార్టెన్‌లో జెల్కోవా చెట్లను నరకకుండా వాటి చుట్టూ పైకప్పుకు కంతలు వదిలారు. ఆ భవనం ఫొటో చూసి మనవాళ్లు దాని గుండ్రని ఆకారం పట్టుకున్నారు, చెట్టును వదిలేశారు. ఫిన్లాండ్‌లో కొన్ని డేకేర్ ఆవరణల్లో అడవి నేలను తెచ్చి పరిచి, 28 రోజులు పిల్లలను అందులో ఆడనిస్తే, వారి చర్మంపై సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగిందనీ, రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే సూచికలు మెరుగయ్యాయనీ 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పాలిథిన్ చాపకు ఆ గుణం ఎన్ని నీళ్లు కొట్టినా రాదు.

పసిబిడ్డకు కావలసింది తొలకరికి ఆరుద్ర పురుగు పైకి వచ్చేంత గుల్ల నేల, నాలుగు ఆకులు రాల్చే ఒక వేపచెట్టు. ఈ రెంటికీ ప్లాస్టిక్ చాపకు అయ్యేంత ఖర్చు కాదు, కాకపోతే మట్టికి కమీషన్ రాదు. రుసుము కట్టబోయే తల్లిదండ్రులు బడి ఆవరణలో పిల్లలు తవ్వుకోగల మట్టి ఎన్ని గజాలుందని అడగాలి. సున్నా అని జవాబు వస్తే ఆ బడిలో ప్రకృతి లేదు, అద్దె గది మాత్రమే ఉంది.