తంగెళ్ళమూడి మగ్గం

ఈ కథ చెబుతున్నది ఒక నిలువు మగ్గం. తన సంగతి చెప్పుకునేటప్పుడు కూడా అది ‘నేను’ అనదు, ‘ఈ మగ్గం’ అంటుంది. ఒంటరిగా ఇది ఏనాడూ జానెడు తివాచీ దింపలేదు. ఎదురుగా బల్ల మీద ఇద్దరో ముగ్గురో కూర్చోవాలి, నమూనా చదివే మనిషి ఉండాలి, అప్పుడే దీనికి పని. ఊరు ఏలూరు. కృష్ణా కాలువా గోదావరి కాలువా వచ్చి కలుసుకునే ఊరు. వీధి తంగెళ్ళమూడిలో. తమ్మిలేరు పక్కనున్న ఈ శివారులో ఒకప్పుడు ఏ సందులోకి వెళ్లినా ఉన్ని వాసన తగిలేది.

చీర మగ్గాలు చూసి అలవాటున్నవాళ్లు దీన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోతారు. గుంట మగ్గం పడుకుని ఉంటుంది, ఇది నిలబడి ఉంటుంది. అటొక గుంజ, ఇటొక గుంజ, పైనొక దూలం, కిందొక దూలం, మధ్య బిగించిన నూలు పడుగు. నాడె లేదు, కాలితో తొక్కే కర్ర లేదు. ఉన్నవల్లా వేళ్లు, చిన్న కత్తి, ఇనప దువ్వెన, కత్తెర. వయసెంతని అడిగితే చెప్పడం కష్టం. కింది దూలం తాతలనాటిది. పై దూలం మార్చారు. చెద పట్టిన గుంజ తీసేసి కొత్తది నిలబెట్టారు. అయినా ఇంట్లోవాళ్లు దీన్ని ‘పాత మగ్గం’ అనే అంటారు, వరుస ఎక్కడా తెగలేదు కాబట్టి.

ఆ వరుస ఇరాన్‌లో మొదలైంది.

గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ పుట్టింది హమదాన్ ప్రాంతంలో. 1518 నుంచి 1687 దాకా సాగిన ఆ వంశం ఏలుబడిలో పర్షియా నుంచి కవులు, హకీములు, వర్తకులు, సిపాయిలు తెలుగు నేల మీదికి వస్తూనే ఉన్నారు. 1591లో హైదరాబాదు కట్టినప్పుడు ముందు నిలిచిన పీష్వా మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని అస్తరాబాద్ మనిషే. ఈ రాకపోకలన్నిటికీ రేవు మచిలీపట్నం. రేవుకు ఏలూరు మరీ దూరం కాదు. పెద్దల పేర్లు చరిత్రలోకి ఎక్కాయి. వాళ్లలాగే సముద్రం దాటి వచ్చిన నేతగాళ్ల పేర్లు ఎక్కలేదు. వాళ్ల పని మాత్రం ఎక్కింది.

ఎక్కించినవాడు ఒక ఇంగ్లీషు దొర. పేరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీకి పెద్ద. 1679లో కంపెనీ వ్యాపారం చూసుకుంటూ ఈ వైపు వచ్చి ఏలూరులో ఆగాడు. తివాచీలు నేసేది పర్షియా జాతివాళ్లనీ, వాళ్లొచ్చి వందేళ్లు దాటిందనీ దినచర్యలో రాసుకున్నాడు. అంటే ఇబ్రహీం కుతుబ్‌షా కాలానికే ఇక్కడ ఉన్ని ముడి పడిందన్నమాట. దొర అంతటితో ఊరుకోలేదు. మగ్గం పైనుంచి కిందికి బిగించి ఉందని రాశాడు. ఎదురుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు కూర్చుంటారని రాశాడు. మగ్గం వెనక ఒక మనిషి కాగితం మీది నమూనా చూస్తూ ఏ రంగు పోగు ఎంత పడాలో చెబుతుంటాడనీ, ఒక్కో వరుస అయ్యాక కత్తెరతో సమం చేసి ముందుకు పోతారనీ రాశాడు. ఈ మగ్గానికి ఆ నాలుగు మాటలూ జాతకంతో సమానం. మూడు శతాబ్దాల కిందటి ఆ వర్ణనలో ఉన్న కాగితం, కత్తెర, వెనక నుంచి వినిపించే గొంతు, అన్నీ ఇది ఎరిగినవే.

పిల్లల సంగతి మాత్రం వేరే చెప్పాలి. చిన్న వేళ్లు పోగుల మధ్య సులువుగా దూరతాయని వాళ్లను కూర్చోబెట్టారు. ఆ పిల్లల బడి, ఆట, కంటిచూపు ఈ దూలాల ముందే కరిగిపోయాయి. పాతకాలపు గొప్ప చెప్పేవాళ్లు ఈ మాట దాటేయకూడదు. 1986 నాటి బాలకార్మిక చట్టం తివాచీ నేతను పిల్లలకు నిషేధించిన పనుల్లో చేర్చింది. 1994లో కైలాష్ సత్యార్థి చొరవతో పిల్లల చెయ్యి పడని తివాచీలకు ‘రగ్‌మార్క్’ గుర్తు వచ్చింది. వారసత్వాన్ని కాపాడటమంటే అందులోని అన్యాయాన్ని కూడా కాపాడటం కాదు. ఈ పని పెద్దవాళ్లు నేర్చుకోగలరు. ఆలస్యంగా వస్తుందేమో గాని వస్తుంది.

ముడి ఎలా పడుతుందో దగ్గరగా చూడాలి. నేతగత్తె ఎడమచేత్తో పడుగులో పక్కపక్క పోగులు రెండు ముందుకు లాగుతుంది. కుడిచేతిలోని ఉన్ని పోగు వాటి చుట్టూ తిప్పి, రెండు కొసలూ మధ్య నుంచి బయటికి తీసి, కిందికి గుంజి, కత్తితో తెంపుతుంది. ఇదంతా ఒక్క ముడి. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. అడ్డంగా వరుస నిండాక నూలు పేక దూర్చి, ఇనప దువ్వెనతో దబదబా కొట్టి కూర్చోబెడుతుంది. ఆ తర్వాత కత్తెర. చదరపు అంగుళానికి 60 ముళ్లు అనుకుంటే, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మామూలు తివాచీకి 2,07,360 ముళ్లు పడాలి. ముసురు పట్టిన రోజుల్లో నూలు పడుగు బిగువు మారిపోతుంది. అప్పుడు దువ్వెన దెబ్బ బరువు చూసి వెయ్యాలి, లేకపోతే అంచు వంకర తిరుగుతుంది. ఆ తూకం కాగితంలో ఉండదు, మణికట్టులో ఉంటుంది.

రంగుల పిలుపు ఇంకో విద్య. నమూనా చదివే మనిషి గొంతులో ఒక దరువు ఉంటుంది. ‘రెండు ఎరుపు, ఒకటి నీలి, మూడు తెలుపు’ అని ఆయన అంటుంటే బల్ల మీదివాళ్లు తిరిగి పలుకుతూ ముళ్లు వేస్తారు. పర్షియా పువ్వూ తీగా తెలుగు అంకెల మీద నడిచి తివాచీలోకి దిగుతాయి. ఇంట్లో ఉర్దూ, సంతలో తెలుగు, నమాజులో అరబ్బీ, మగ్గం దగ్గర మూడూ కలిసిన మాట. వచ్చినవాళ్లు ఈ ఊరివాళ్లైపోయిన తీరు చూడాలంటే వీధి చివర నిలబడి ఆ పిలుపు వింటే సరిపోతుంది.

ఉన్నిది కూడా వలస బతుకే. డెల్టాలో గొర్రెలకు లోటు లేదు గాని, నెల్లూరు జాతి గొర్రె ఒంటి మీద ఉండేది వెంట్రుక, ఉన్ని కాదు. ఉన్ని కావాలంటే దక్కను పీఠభూమి మీది నల్ల గొర్రె దగ్గరికి పోవాలి. వరిచేల మధ్య, కొల్లేరు తేమలో, చలి ఎరగని ఊళ్లో ఉన్ని నేత నాలుగు వందల ఏళ్లు నిలబడిందంటే అందుకు కారణం ముడిసరుకు కాదు, మనుషులు.

ఇక్కడి సరుకు ఎంత దూరం పోయిందో తెలుసుకోవాలంటే జపాన్ దాకా వెళ్లాలి. క్యోటోలో ప్రతి జులైలో గియోన్ ఉత్సవం జరుగుతుంది. పెద్ద పెద్ద చెక్క రథాలు వీధుల్లోకి వస్తాయి. వాటి పక్కలకు పాత తివాచీలు, విదేశీ చిత్రవస్త్రాలు కడతారు. అందులో కొన్ని 17, 18 శతాబ్దాల నాటి దక్కను తివాచీలని ఇరవయ్యో శతాబ్దం చివర్లో పరిశోధకులు గుర్తించారు. తెచ్చినవి డచ్చి ఓడలు. డచ్చివాళ్లకు మచిలీపట్నంలో కోఠీ ఉండేది, మన పాలకొల్లులోనూ ఉండేది. జపాన్‌లో 1641 నుంచి నాగసాకి ఒడ్డున దెజిమా దీవిలో మకాం ఉండేది. ఆ తివాచీల్లో ఫలానాది ఏలూరుదేనని ఈ మగ్గం పట్టుబట్టదు. ఆ రోజుల్లో ఈ తీరంలో తివాచీలకు పేరు మోసిన ఊరు ఏలూరని మాత్రం మాస్టర్ దొర రాసిపెట్టిందే చెబుతుంది.

క్యోటోలో మగ్గాన్ని కదిలించిన విషయం తివాచీ కాదు, దాన్ని దాచిన పద్ధతి. ఒక్కో రథం ఒక్కో పేటది. ఆ పేటవాళ్లే సంఘం పెట్టుకుని రథాన్నీ దాని మీది బట్టలనూ తరతరాలుగా కాపాడుకుంటున్నారు. రాజుగారు దాచలేదు, వీధివాళ్లు దాచారు. ఆ రథాల వేడుకను 2009లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కొనుక్కున్న పేట తివాచీని ఇంత భద్రంగా ఉంచుకుంది. నేసిన పేటలో ఆనాటి ముక్క ఒక్కటైనా నలుగురూ చూసేలా గోడకు వేలాడదీసిన చోటు ఉండొద్దా?

తర్వాతి కాలం తొందరగా చెప్పుకోవచ్చు, అందులో మంచి తక్కువ. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. 1851లో లండన్ హైడ్ పార్కు మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు పెట్టారు, మెప్పు వచ్చింది. మెప్పు వెంట గిరాకీ, గిరాకీ వెంట తొందర వచ్చాయి. 1856లో విలియం పెర్కిన్ కనిపెట్టిన రసాయన రంగు, దాని వెనకే పుట్టిన రంగులు, లక్క ఎరుపునూ నీలిమందునూ పక్కకు నెట్టాయి. జైళ్లలో ఖైదీల చేత తివాచీలు నేయించి తక్కువ ధరకు అమ్మారు. కూలి ఇవ్వక్కర్లేని మగ్గంతో కూలి మీద బతికే మగ్గం ఎక్కడ పోటీ పడుతుంది? 1908లో హెన్రీ హారిస్ దక్షిణ భారత తివాచీ పరిశ్రమ మీద రాసిన పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. రానురాను మచిలీపట్నంలో తివాచీ నేత కనుమరుగైంది. ఏలూరులో నిలిచింది.

స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడి సరుకు ఐరోపాకూ అమెరికాకూ ఎగుమతి అయింది. ఆ రోజుల్లో తంగెళ్ళమూడిలో పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా దువ్వెన చప్పుడే. తరవాత మిషను తివాచీ వచ్చింది. ఇంటికొచ్చిన కొనుగోలుదారు ఒకాయన తివాచీ మడత విప్పి చూసి, “సాయిబు గారూ, పని చాలా బాగుందండి. కానీ ఈ డబ్బుకి బజార్లో నాలుగొస్తాయండి” అన్నాడు. ఇంటి పెద్ద కోపగించుకోలేదు. తివాచీ తిరగేసి వెనక వైపు చూపించాడు. “బజార్లో సరుకు కూడా ఇలా తిరగేసి చూడండి బాబూ. దానికి జిగురు ఉంటది, దీనికి ముడి ఉంటది” అన్నాడు. ఆయన కొనలేదు. కొననివాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ మగ్గాలు ఒక్కొక్కటే విప్పేశారు. నేతగాళ్లు ఆటో నడిపారు, దుకాణాల్లో గుమాస్తాలయ్యారు, గల్ఫుకు వెళ్లారు. వెళ్లినవాళ్లను ఈ మగ్గం తప్పుపట్టదు. రోజంతా కూర్చుని ముళ్లు వేసినా ఇల్లు గడవకపోతే, ఆ విద్య బిడ్డలకు నేర్పమని ఏ తండ్రినీ అడగకూడదు.

అందుకే కూలి సంగతి తేలకుండా వారసత్వం మాట ఎత్తడం ఈ మగ్గానికి నచ్చదు. ఇదే గోదావరి సీమలో ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ మంచిదే. అది చేతికొచ్చే డబ్బుగా మారాలంటే కొనేవాడు ఉండాలి. కలెక్టరేటు గదుల్లో, విశ్వవిద్యాలయాల అతిథి గృహాల్లో, రైల్వే విశ్రాంతి గదుల్లో పరిచే తివాచీ జిల్లాలో నేసినదై ఉండాలని ఒక్క ఉత్తర్వు వస్తే చాలు, కొన్ని మగ్గాలకైనా ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. 2022లో ఏలూరు పేరుతోనే కొత్త జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాకు ఇంతకంటే పాత చేతిపని ఏదో చెప్పమనండి.

డబ్బు తర్వాత కాగితం. నమూనాలు గీసిన గళ్ల కాగితాలు చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. మడతల దగ్గర చిరిగాయి, కొన్నింటికి చెద పట్టింది, వరద నీళ్లు తగిలి రంగులు కలిసిపోయినవీ ఉన్నాయి. అమ్ముకోమని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ వస్తారు. అమ్మితే నమూనా ఊరు దాటిపోతుంది, అమ్మకపోతే పెట్టెలోనే పోతుంది. ఈ రెండూ కాకుండా, కాగితం ఇంటివాళ్ల దగ్గరే ఉంచి, దాని ఫొటో తీసి, ఎవరింటిదో పేరు రాసి, జాగ్రత్త చేసే పని తంగెళ్ళమూడివాళ్లే చేయగలరు. క్యోటో పేటల వాళ్లకున్నట్టు ఒక సంఘం, ఒక గది, తాళం పెట్టే బీరువా ఒకటి. పెద్ద భవనం అక్కర్లేదు.

కాగితం దొరికినా చదివే గొంతు దొరకదు. ఇప్పుడు ఈ మగ్గం బల్ల మీద కూర్చుంటున్నది ఇంటి ఆడపిల్ల. డిగ్రీ చదివింది, మిగతా రోజులు బజార్లో ఒక కొట్లో లెక్కలు రాస్తుంది, ఆదివారం ముళ్లు వేస్తుంది. తండ్రి నమూనా చదువుతుంటే ఫోను పక్కన పెట్టి రికార్డు చేస్తోంది. “అబ్బా, ఆ నీలి దగ్గర గొంతు సరిగ్గా పళ్లేదు, మళ్లీ చెప్పండి” అంటుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని వరుస మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంటాడు. అంచు నమూనా అయింది, మధ్య పువ్వు సగంలో ఉంది. ఆ రికార్డు ఒక్క ఫోనులోనే ఉంది. ఏలూరు గ్రంథాలయంలో ఒక ప్రతి, రాష్ట్ర పురావస్తు శాఖ దగ్గర ఒక ప్రతి ఉంచే ఏర్పాటు పువ్వు పూర్తయ్యేలోగా జరగాలి. ఆయనకు ఎడమ కంటికి శుక్లం ముదురుతోంది, ఆపరేషను సంక్రాంతి తర్వాత పెట్టుకున్నారు.