అడుగున చిల్లున్న కుండీని

నేను మట్టి కుండీని. చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు నా ఒళ్లు. కుమ్మరి సారె నాకు తీరు తెచ్చింది, ఆవం నన్ను గట్టిపరిచింది. నా ఎరుపు కాలిన మట్టిలోని ఇనుముది. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం గుట్టలకు ఆ రంగునిచ్చేదీ ఇనుమే. ఆవంలో నా ఒంట్లోని నీరు ఆవిరై, చెత్త కాలిపోయిన చోట కంటికి ఆనని సందులు మిగిలాయి. ఆ సందుల గుండా లోపలి తడి బయటికి చెమరుస్తుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. జనగామ పక్కన పెంబర్తిలో సాగగొట్టే ఇత్తడి పాత్ర చుక్క నీటిని పోనివ్వదు. నేను నిలపలేను. పైగా నా అడుగున చిల్లు. నీళ్లు దాచుకునే పాత్రకు ఇవి రెండూ లోపాలే. కానీ దళసరి ఆకుల మొక్కలను, నర్సరీల్లో సక్యులెంట్లు అని అమ్మేవాటిని, ఇంట్లోనే ఒకటికి పది చేసుకోవాలనుకునేవారికి ఆ లోపాలే ఆసరా. ఈ మొక్కల సంతు పెరిగేది మనం పోసే నీళ్లతో కాదు, పోయకుండా ఆగిన రోజులతో. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మొక్క అన్నాక నీళ్లు పోయొద్దా అని ఎవరైనా అడుగుతారు. దానికి సాక్ష్యం చాలా ఇళ్ల గుమ్మానికే వేలాడుతోంది. దిష్టి తగలకుండా కలబందను వేళ్లతో సహా పీకి గడప పైన తలకిందులుగా కడతారు. మట్టి ఉండదు, నీళ్లు ఉండవు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, కొత్త ఆకు కూడా తొడుగుతుంది. దాన్ని మహిమ అనుకునేవారి నమ్మకాన్ని నేను కాదనను. ఆకు లోపల జరిగే లెక్క మాత్రం వేరే ఉంది. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది, అదే దారిన నీటిని పోగొట్టుకుంటుంది. కలబంద, రణపాల వంటివి రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలంతా తలుపులు మూసుకుని ఆ నిల్వతో వంట చేసుకుంటాయి. అందుకే రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుంది. ఈ తేడాను నాలుకతో పట్టుకుని లోకానికి చెప్పినవాడు బెంజమిన్ హైన్. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి తరవాత మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్నవాడు. ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. తరవాతి కాలపు శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి రణపాల కుటుంబమైన క్రాసులేసి పేరే పెట్టారు. ఇంత పొదుపరి ఆకు తల్లి నుంచి విడిపోయినంత మాత్రాన చావదు. పిల్లను సాకడానికి కావలసిన నీరూ తిండీ దాని కడుపులోనే ఉన్నాయి. రణపాల ఆకు అంచున ప్రతి నొక్కులోనూ ఒక పిల్ల దాగి ఉంటుంది. జర్మన్ కవి గోథే ఈ వింతకు మురిసిపోయి ఆ పిల్లలను స్నేహితులకు పంపేవాడు.

మరి ఇంత మొండివి ఇళ్లల్లో ఎందుకు కుళ్లిపోతాయి? తెంపిన చోటు పచ్చి పుండు. దాన్ని వెంటనే తడి మట్టిలో గుచ్చితే మట్టిలోని బూజులూ బాక్టీరియా నేరుగా లోపలికి దిగుతాయి. రెండు మూడు రోజుల్లో ఆకు గాజులా పారదర్శకమై మెత్తబడుతుంది. ఇక దాన్ని ఎవరూ బతికించలేరు. అదే తెంపిన ఆకును నీడలో, గాలి ఆడే చోట నాలుగైదు రోజులు ఊరికే వదిలేస్తే కోత మీద బెరడు లాంటి పొర కడుతుంది. లావు కాడ అయితే వారం, పది రోజులు కావాలి. ఎచెవేరియా అనే సక్యులెంట్ ఆకును అటూఇటూ మెల్లగా కదిపి మొదలుతో సహా తీయాలి, పిల్ల పుట్టేది ఆ మొదలు దగ్గరే. సగంలో తెగిన ఆకు గొడ్డుబోతుంది. అలాగని అన్నిటికీ ఆకు పనికిరాదు. కలబంద ఆకును పాతితే కుళ్లుతుంది, దాని పక్కన మొలిచే పిలకనే విడదీయాలి. నల్లేరుకు కణుపున్న ముక్క కావాలి. రాతి నేలల్లో దొరికే కుందేటి కొమ్ములకు కాడ చాలు. నార కోసం మనవాళ్లు వాడుకున్న చాగ, రాక్స్‌బర్గ్ పేరు మోస్తున్న మొక్క, ఆకు ముక్క నుంచే లేస్తుంది, కాకపోతే కింది కొస కిందికే ఉండాలి. దాని చుట్టమైన పసుపు అంచుల స్నేక్ ప్లాంట్‌ను ఆకుతో పెంచితే పిల్లకు ఆ పసుపు రాదు, ఉత్త ఆకుపచ్చే. అంచు కావాలంటే దుంపను చీల్చాలి. కోతకు పసుపు అద్దేవారున్నారు, వేళ్లు పుట్టించే పొడి కొనేవారున్నారు. ఆ రెండింటితో నాకు తగువు లేదు, కానీ అవి చేసేదానికంటే ఆ వారం రోజుల ఎండుదల ఎక్కువ చేస్తుంది.

నాలో నింపే మట్టి గురించి కూడా చెప్పాలి. నల్లరేగడి ఈ మొక్కలకు ఉరి. నానితే విడువదు, ఎండితే బిగుస్తుంది. ఎర్ర చెల్క మట్టి ఒక పాలుకు ముతక ఇసుక ఒక పాలు, పైన కొంచెం బాగా చివికిన ఎరువు. భూపాలపల్లి వైపు ఉన్నవారికి గోదావరి, మానేరు ఇసుక కొత్త కాదు. సన్నంది జల్లెడ పట్టి తీసేసి ముతకది ఉంచుకోవాలి. అడుగున గులకరాళ్లు పరిస్తే చాలు, చిల్లు లేకపోయినా ఫరవాలేదని చాలామంది నమ్ముతారు. ఇది మేలు కోరి చేసే కీడు. సన్న రేణువుల మధ్య పట్టుబడిన నీరు, మట్టి నిండుగా నానేదాకా గులకల సందుల్లోకి దిగదు. అంటే తడి పొర కిందికి పోకపోగా వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. అందంగా ఉందని ఇత్తడి పాత్రలో నేరుగా నాటడం కూడా అంతే. చిన్న కుండీలో నాటి, ఆ కుండీని ఇత్తడిలో కూర్చోబెట్టండి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి. చిన్న పిల్లకు పెద్ద కుండీ కూడా మేలు చేయదు, పిడికెడు వేళ్లు తాగలేని తడి చుట్టూ మిగిలిపోతుంది.

నీళ్లు ఎప్పుడు పోయాలో నన్నే అడగవచ్చు. వేలి కణుపుతో నా పొట్ట మీద కొట్టండి. లోపల ఎండితే ఖంగుమంటాను, తడి ఉంటే మొద్దుగా పలుకుతాను. మా కులానికి ఈ ఊళ్లల్లో పెద్ద పేరే ఉంది: జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథుడు బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ చెప్పాడు, గుండయ్య కుండల మీద వాయిస్తుంటే శివుడు ఆడాడని. ఆ దరువు వినగల చెవి ఉన్నవారికి తడిని కొలిచే మీటర్ అక్కరలేదు.

గాజు గ్లాసులో నీళ్లు పోసి కొమ్మ పెట్టినా వేళ్లు వస్తున్నాయి కదా, ఇంత ఆగడం దేనికి అనే ప్రశ్న న్యాయమైనదే. వస్తాయి. రణపాలకూ జేడ్‌కూ తేలిగ్గానే వస్తాయి. అయితే నీటిలో పుట్టిన వేరు నీటికే అలవాటు పడుతుంది. మట్టిలోకి మార్చినప్పుడు చాలావరకు చచ్చి, మొక్క మళ్లీ మొదటి నుంచి వేళ్లు వేసుకోవాలి. ఆ సంధికాలంలోనే ఎక్కువ పోతాయి. ఇంకో ఆక్షేపణ నేను ఒప్పుకోక తప్పనిది. రోహిణి కార్తె ఎండలో నేను మరీ తొందరగా ఆరిపోతాను, డాబా మీద నా గోడలు కాలి, వెంట్రుక లాంటి లేత వేళ్లు మాడతాయి. అప్పుడు ప్లాస్టిక్ కుండీ కాస్త మెరుగే. నన్ను వాడేవారు ఆ రోజుల్లో నీడకు చేర్చాలి, సాయంత్రం పూట పిల్లలకు మాత్రం కాస్త నీరు చిలకరించాలి. పెద్ద మొక్కకు ఆ భయం లేదు.

నిజమైన గండం మే నెలలో లేదు, ముసురులో ఉంది. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న విడివిడిగా ఏర్పడ్డాయి గానీ వానకు ఆ హద్దులు లేవు. కరువు సీమగా పేరుబడ్డ ఈ నేల మీదే 2023 జులై చివర భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. అంత వానలో ఆరుబయట ఉన్న కుండీ ఏదైనా, నాతో సహా, ఆరదు. గాలి నిండా తడి ఉంటే నా గోడలు చెమరుస్తూనే ఉంటాయి గానీ ఆ చెమటను తీసుకునే గాలి ఉండదు. కాబట్టి కోతలు వానలు వెనకబట్టాక, దసరా దాటి శివరాత్రి లోపు పెట్టుకోవడం మంచిది. ముసురు పట్టే ముందే పిల్లలను వసారాలోకి, చూరు కిందికి చేర్చాలి, ఆ నెలల్లో నీటి చెంబును మరిచిపోవాలి.

మిగిలిన ముక్కలను ఏం చేయాలన్నది చివరికి వస్తుంది గానీ చిన్న విషయం కాదు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు ఎర్ర రంగునిచ్చే కోచినీల్ పురుగు కోసం నాగజెముడు తోటలు వేయించాడు. రంగు వ్యాపారం నిలవలేదు, నాగజెముడు నిలిచింది. నరికిన ప్రతి మట్టా పడిన చోటల్లా వేరు తన్నింది, పొలాలనూ బీళ్లనూ కమ్మేసింది. చివరికి 1926లో మరో జాతి కోచినీల్ పురుగును సింహళం నుంచి తెచ్చి దక్షిణాదిలో వదిలితే గానీ అదుపుకు రాలేదు. నేను ఏ గుణాన్ని ఇంతసేపు మెచ్చుకున్నానో అదే ఆ పని చేసింది. రణపాల ఆకులకు పశువులను చంపగల విషం ఉంది, మేత దొరకని వేసవిలో గేదెకు అది తెలియదు. తెంపగా మిగిలిన ఆకులను, కత్తిరించిన మట్టలను చెరువు గట్టున, పొలం గెట్టున పారేయవద్దు. బండ మీద ఎండలో ఆరబెట్టండి, కలబందలా వేలాడి బతికే ఓపిక వాటికీ ఉంది కనుక పెళుసుగా విరిగేదాకా ఉంచండి, ఆ తరవాతే కాల్చండి.