పుప్పిపన్ను పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పొడియు రసముఁ గలిపి పుప్పిపన్నున నింప
నీలి కాంతి సోకి నిమిషమందె
గట్టిపడును గాని గాజునామ్లము లోన
నమలు తెల్లవార్లు నమ్మవలయు!

అవతారిక: చిగురు అంచున పుప్పి పట్టిన పంటికి సిమెంటు పెట్టించుకున్న రోగి, లైటు ఆరీ ఆరగానే కుర్చీలోంచి లేచి, "గట్టిపడింది కదా డాక్టరుగారూ, చేగోడీలు తినొచ్చా?" అని అడుగగా ఆ వైద్యుడు చెప్పిన మాట ఇది. ప్రస్తుత వస్తువు రెసిన్ కలిపిన గ్లాస్ అయానమర్. రసం వైద్యుని పక్షాన శాంతం, రోగి పక్షాన భయానకం.

ప్రతిపదార్థం: పొడియు = ఫ్లోరైడు గల అల్యూమినోసిలికేట్ గాజును మెత్తగా నూరిన పొడియును (కిటికీ అద్దం కాదు); రసముఁ = పాలీయాక్రిలిక్ ఆమ్లం, నీరు, హెమా గల ద్రవమును (హెమా ఆడపిల్ల పేరు కాదు, హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్‌కు పొట్టి పేరు); కలిపి = కాగితపు ప్యాడ్ మీద చకచకా కలిపి; పుప్పిపన్నున = పుప్పి తొలిచి శుభ్రం చేసిన పంటియందు; నింపన్ = నింపగా; నీలి కాంతి = సుమారు 470 నానోమీటర్ల వెలుగు; సోకి = తగిలి; నిమిషమందె = నిమిషం లోపలనే; గట్టిపడును = బిగుసుకొనును; కాని = అయినప్పటికిని; ఆమ్లము = పైన చెప్పిన ఆమ్లము; గాజున్ = ఆ పొడిని; లోన = పంటి లోపల; తెల్లవార్లు = రాత్రంతయు; నమలున్ = కొరుకుచుండును; నమ్మవలయు = (కంటికి కనబడదు గనుక) నమ్మి తీరవలెను.

తాత్పర్యం: ఈ సిమెంటు రెండుసార్లు గట్టిపడుతుంది. మొదటిది లైటు పని, సెకన్లలో ముగుస్తుంది. రెండోది ఆమ్లానికీ గాజుకూ నడిచే వ్యవహారం, మర్నాటికి గాని ఒక కొలిక్కి రాదు.

విశేషాలు:

"నిమిషమందె" అనుటలో కవి కొంత ఉదారుడు. చాలా రకాలకు 20 సెకన్ల లైటు చాలు. ఆ లెక్క యతికి ఒదగలేదు కాబోలు. వెలుగు లోతుకు పోదు గనుక గుంట లోతైతే 2 మిల్లీమీటర్ల పొరలుగా నింపవలెను. ద్రవంలోని కాంఫర్‌క్వినోన్ నీలి కాంతిని పీల్చి రాడికల్స్‌ను పుట్టిస్తుంది. వాటి ప్రేరణతో హెమా అణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. రెసిన్ అన్నది ఈ అల్లికనే.

"నమలు" అనుట ఈ పద్యానికి ప్రాణం. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు గాజు రేణువుల అంచులు కొరికి కాల్షియాన్ని (కొన్ని గాజుల్లో స్ట్రాన్షియాన్ని), అల్యూమినియాన్ని, ఫ్లోరైడును బయటికి లాగుతాయి. కాల్షియం ముందుగా వచ్చి ఆమ్లపు గొలుసులను జత కలుపుతుంది. అల్యూమినియం ఆలస్యంగా వచ్చి గట్టిగా ముడివేస్తుంది. కొరికిన రేణువు చుట్టూ సిలికా జెల్ పొర మిగులుతుంది. ఫ్లోరైడు కొంచెం కొంచెంగా పంటికి అందుతుంది. రోగిని నమలవద్దని చెప్పి సిమెంటు చేత నమలించడం విరోధాభాసాలంకారం.

పూర్వపక్షం: లైటే సమస్తమూ చేయగా ఆమ్లంతో పనేమి? సమాధానం: లైటు తగలకున్నా చీకట్లో నెమ్మదిగానైనా గట్టిపడేదే ఈ వంశానిది. గడ్డకట్టడానికి లైటు తప్పనిసరి అయినది వేరే గోత్రం.

అయితే లైటు ముందుగా వేస్తే మేలా, ఆగి వేస్తే మేలా? త్వరపడితే రెసిన్ వలలో ఆమ్లపు గొలుసులు చిక్కి, కదలిక తగ్గి, ఆమ్లం పని మందగిస్తుంది. ఆలస్యం చేస్తే ఆమ్లం ముందుకు పోయి రెసిన్ అల్లిక తగ్గుతుంది. ఒకదాని లాభం రెండోదాని నష్టం గనుక, డబ్బాతో వచ్చిన కాగితంలోని సమయమే ప్రమాణం.

పద్యంలో అతుకు మాటే లేదని ఆక్షేపించువారు కలరు. అది "పుప్పిపన్నున" అన్న సప్తమిలో ధ్వనిస్తున్నది. నింపేముందు 10 శాతం పాలీయాక్రిలిక్ ఆమ్లాన్ని 20 సెకన్లు రుద్ది, కడిగితే డ్రిల్లు మిగిల్చిన మట్టి పోతుంది. అప్పుడు సిమెంటులోని కార్బాక్సిల్ సమూహాలు పంటి కాల్షియాన్ని పట్టుకుని, ఫాస్ఫేట్ అయాన్లను తోసి వాటి చోట కూర్చుంటాయి. ఇది రసాయన బంధం. హెమా పంటి సూక్ష్మరంధ్రాల్లో దూరి, లైటుకు బిగిసి, చీలవలె పట్టుకుంటుంది. ఇది యాంత్రిక బంధం.

ఇక్కడ రెండు మెరుపులు చూసుకోవలెను. కలిపిన ముద్ద మెరుస్తుండగానే పంటిలో పెట్టాలి. మెరుపు తగ్గిందంటే ఆమ్లం అప్పటికే గాజుతో లావాదేవీలో మునిగిపోయినట్టు, పంటికి ఇచ్చేందుకు చేతిలో ఏమీ మిగలదు. అంత ముద్దనూ పారవేయుటే ధర్మం. పన్ను కూడా తడి మెరుపుతోనే ఉండాలి. గాలి ఊది ఎండగడితే అతుకు చెడుతుంది, లాలాజలం చేరినా చెడుతుంది.

కర్తృనిర్ణయం: మూల సిమెంటును లండన్‌లోని ప్రభుత్వ రసాయన పరిశోధనాలయంలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ కనిపెట్టి 1972లో దంతవైద్యులకు పరిచయం చేశారు. దానికి తేమ భయం ఎక్కువ, లైటుతో పని లేదు. 1980ల చివర రెసిన్ కలిపిన రకాలు వచ్చాయి. వాటిలో ముందు వరసలోని విట్రబాండ్‌కు, కోల్‌కతాలో చదువుకుని అమెరికాలో 3ఎం సంస్థలో పనిచేసిన సుమితా మిత్రా ముఖ్య కర్త.

దోషనిరూపణం: హెమా నీటిని ప్రేమిస్తుంది, ఆ ప్రేమ చేత సిమెంటు కొంత ఉబ్బుతుంది. గట్టిపడని హెమా జీవకణాలకు చేటు గనుక తెరుచుకున్న పంటి నరం మీద దీన్ని నేరుగా పెట్టరాదు. చర్మానికి ఎలర్జీ కూడా తెస్తుంది, పలుచని గ్లవ్స్ దానికి అడ్డు కావు.

ఫలశ్రుతి: ఇది చదివిన వైద్యులు గ్లవ్స్‌కు రసం అంటిన వెంటనే మార్చెదరు గాక. రోగులు లైటును చూసి తొందరపడక, ఆ ఒక్క రాత్రి రెండో దవడతో తిని, సిమెంటు నమలడం పూర్తయ్యాకే తమ నమలడం మొదలుపెట్టెదరు గాక.