తుని రాకముందే అయిపోయిన పెట్టె

సంక్రాంతి వెళ్ళాక మా అబ్బాయి కుటుంబంతో నేనూ విశాఖపట్నంలో వందేభారత్ ఎక్కాను. 2023లో సరిగ్గా సంక్రాంతి పూటే మొదలుపెట్టిన బండి అది. సికింద్రాబాదు దాకా దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అంత తొందరగా పోతున్నందుకు సంతోషించాల్సింది పోయి, “అన్ని గంటలు పిల్లల్ని ఎలా కూర్చోబెట్టడం మావయ్యగారూ?” అని మా కోడలు వారం ముందు నుంచీ బెంగపెట్టుకుంది. మనవరాలికి ఎనిమిదేళ్ళు, మనవడికి ఐదు. ఆ బెంగకు మందు ఆన్‌లైన్‌లో దొరికింది. ఎనిమిది వందల రూపాయల పెట్టె. దాని పేరు ట్రావెల్ యాక్టివిటీ కిట్టట.

బండి కదలగానే పెట్టె విప్పారు. రంగు స్పాంజి ముక్కలు, పూసలు, జిగురు గొట్టం, తళుకు పొడి, నాలుగు భాషల్లో అచ్చేసిన పెద్ద కాగితం. సింహానికి చెవులు ముందే కత్తిరించి ఉన్నాయి, మీసాలు ముందే గీసి ఉన్నాయి. వెనక అట్ట ఊడదీసి, అంకె వేసిన చోట అంటించడమే పిల్లల పని. అంటించడమే హస్తకళ అయితే, ముప్పై ఏళ్ళు ఆఫీసులో కవర్లకు స్టాంపులు అంటించిన నేను మహాశిల్పిని.

అనకాపల్లి దాటేసరికి పూసలు మూడు వరసల సీట్ల కిందకి దొర్లిపోయాయి. తళుకు పొడి పక్క సీటు పెద్దాయన నల్ల ప్యాంటు మీద పడి, డెబ్భై ఏళ్ళ మనిషిని పెళ్ళికొడుకును చేసింది. తుని రాకముందే పెట్టె అయిపోయింది. రెండు సింహాలు, ఓ ఏనుగు తయారయ్యాయి. తయారయ్యాక పిల్లలు వాటి మొహం చూడలేదు. ఫోను కోసం చేతులు చాచారు.

“ఎనిమిది వందలకు గంట కాలక్షేపం” అన్నాను.

“నాన్నా, మళ్ళీ మొదలుపెట్టకండి” అన్నాడు మావాడు.

అలా అన్నాక మొదలుపెట్టకుండా ఉండే వయసా నాది?

మా రోజుల్లో తుని నుంచి అత్తిలి వెళ్ళడమంటే ఒక పగలంతా. బొగ్గింజను ప్యాసింజరు ఎక్కి, నిడదవోలులో దిగి, భీమవరం బండి కోసం పడిగాపులు పడి, ఊరు చేరేసరికి దీపాలు పెట్టేవారు. నాకు గుర్తున్నది 1966 వేసవి. ఐదుగురు పిల్లలం, ఒక మామ్మ. హోల్డాలు, మరచెంబు, పులిహోర పొట్లాలు, జంతికల డబ్బా ఉండేవి. ఆటసామాను అన్న మాట ఆ సర్దుడులో లేదు. కిటికీలోంచి తల బయటపెడితే బొగ్గు నలుసు ఠక్కున కంట్లో పడేది. ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం కాదు. మా తలలు లోపల ఉండాలంటే చేతులకు పని ఉండాలని మామ్మ కనిపెట్టింది. ఆవిడ దగ్గరున్న సరంజామా అల్లా గాజుకు వేలాడే నాలుగు పిన్నీసులు, సంచిలో ఒక గుండీ, కాస్త దారం, పొట్లానికి కట్టిన పురికొస. మిగతాదంతా దారే ఇచ్చేది.

అన్నవరంలో వేరుశనక్కాయలు కొనేది. తిన్నాక పొట్లం విప్పితే, అది ఎవరో కుర్రాడి అర్ధసంవత్సరం పరీక్ష కాగితం. ముందు వాడికెన్ని మార్కులొచ్చాయో చదివి నవ్వుకునేవాళ్ళం. తర్వాత మామ్మ ఆ కాగితాన్ని మూలకు మడిచి, గోటితో గీసి, నాలిక మీద వేలద్ది తడిపి చింపేది. కత్తెర పడ్డట్టు చదరం వచ్చేది. అందులోంచి పడవ, సిరాబుడ్డి, చివరికి కత్తి పడవ. కత్తి పడవ వచ్చినవాడే మాలో పెద్ద. అది వయసును బట్టి వచ్చే హోదా కాదు.

సామర్లకోటలో ముంజెలు తాటాకు బుట్టలో వచ్చేవి. ముంజెలు కడుపులోకి, బుట్ట మామ్మ ఒళ్ళోకి. ఆకును రెండు పేళ్ళుగా చీల్చి, ఒకదాన్ని మడిచి ఇంకోదాన్ని అడ్డంగా దూర్చి, నడిమధ్య పిన్నీసు గుచ్చి, ఈనెపుల్లకు తగిలిస్తే గాలిమర. కిటికీ దగ్గర పెడితే గిర్రున తిరిగేది. బండి నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది. అది ఆగిందంటే స్టేషను వచ్చిందని తల బయట పెట్టకుండానే తెలిసేది. మామ్మ సంచిలో ఎప్పుడూ ఉండే ఆ గుండీ మా నాన్న పాత కోటుది. రెండు కన్నాల్లోంచి దారం పోసి, మెలిపెట్టి లాగి వదిలితే గుయ్యిమని మోగేది. రైలుపెట్టెలోవాళ్ళంతా విసుక్కునేవాళ్ళు. విసుక్కున్నవాళ్ళే కాసేపటికి, “ఏదీ, ఇటియ్యి” అని తీసుకునేవాళ్ళు.

రాజమండ్రి వస్తోందంటే పురికొస బయటికొచ్చేది. అప్పటికి గోదావరి మీద రైలుకు ఒకటే దారి, 1900లో తెరిచిన హేవలాక్ వంతెన. 56 గర్డర్లు. బండి దాని మీద నెమ్మదిగా నడిచేది. గర్డరు దాటినప్పుడల్లా చప్పుడు మారేది. మారినప్పుడల్లా పురికొసకు ఒక ముడి వెయ్యాలని మామ్మ ఆజ్ఞ. నేను ఎప్పుడూ నలభై దాటలేదు. మా అన్నయ్యకు అరవై ముళ్ళు వచ్చేవి. వాడు తర్వాత రోజుల్లో కాంట్రాక్టరయ్యాడు. 1997లో ఆ వంతెన మీద రైళ్ళు ఆపేశారు. ఇప్పటి బండి కొత్త వంతెన మీద దూసుకుపోతుంటే, అది పక్కన ముసలాడిలా నిలబడి చూస్తుంటుంది.

ఇవన్నీ చెప్పి ఊరుకోలేదు. ఈ బండికి తెరిచే కిటికీ లేదన్నాను. గాలిమర తిరగదు, గోదారి తల్లికి పైస వెయ్యడానికి సందు లేదన్నాను. ఇంకా తుని రాకముందే ఎలమంచిలి దాటాం కదా, ఆ దగ్గర్లోనే ఏటికొప్పాక. అంకుడు కర్రను తిప్పుతూ, చెట్ల రంగులు కలిపిన లక్కను పట్టించి బొమ్మలు చేసే ఊరు. బెజవాడ దాటగానే కొండపల్లి. పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులకు పూసే ఊరు. ఆ రెండు ఊళ్ళ మధ్యనుంచి పోతూ, ఎక్కడో అచ్చేసిన సింహానికి చెవులు అంటించారు మీ పిల్లలు అన్నాను.

మావాడు అంతా విన్నాడు. వాడికి ఓపిక వాళ్ళమ్మ పోలిక. చివరికి మెల్లగా అడిగాడు. “మరి నాకెప్పుడు నేర్పారు నాన్నా? గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎన్నిసార్లు వెళ్ళాం మనం? నాకు చందమామ కొనిచ్చి, మీరు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. దిగేదాకా మీ మొహం కనపడేది కాదు.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. లేనప్పుడు చేసే పనే చేశాను. “కాగితం ఇలా ఇవ్వండి” అన్నాను. కిట్టులో ఎవరూ ముట్టుకోనిది ఆ నాలుగు భాషల కాగితమొక్కటే. మూలకు మడిచాను, గోటితో గీశాను, తడిపి చింపాను. చదరం వచ్చింది. పిల్లలిద్దరూ ఫోను వదిలి నా మోకాళ్ళ దగ్గరకు చేరారు. పడవ వచ్చింది. సిరాబుడ్డి వచ్చింది. కత్తి పడవ దగ్గర ఆఖరి మడత తట్టలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. వేళ్ళకు గుర్తుంటుందనుకున్నాను, వాటికీ మతిమరుపు వచ్చినట్టుంది.

“ఇటివ్వండి మాస్టారూ” అని పక్కనుంచి చెయ్యి వచ్చింది. తళుకుల ప్యాంటు పెద్దాయన. నేను మాస్టారును కాను గానీ, ఆ పూట శిష్యుణ్ణి అయ్యాను. ఆయన రెండు బొటనవేళ్ళు లోపలికి పోనిచ్చి, లోపలి పొరను ఒక్క విసురున బయటికి తిరగేశారు. కత్తి పడవ! మా మనవరాలు దాన్ని తీసుకుని, మెచ్చుకోకుండా మడతలన్నీ విప్పేసింది. విప్పి, మళ్ళీ మొదట్నుంచి మడిచింది. ఖమ్మం దగ్గర దానికి వచ్చేసింది. వరంగల్ దగ్గర తమ్ముడికి నేర్పుతోంది. సికింద్రాబాదులో దిగేటప్పుడు సింహాలు సీటు మీదే ఉండిపోయాయి. పడవలు మాత్రం జేబుల్లో దిగాయి.

తప్పు పెట్టెది కాదు. మామ్మకూ మనవడికీ మధ్య పేపరు అడ్డం పెట్టుకు కూర్చున్న నాలాంటివాడు ఒకడున్నాడు, ఆ ఖాళీలోకే పెట్టె వచ్చింది. అందుకని నా ఈడు తాతలకు ఒక మనవి. ఈ వేసవికి పిల్లలతో బండెక్కే ముందు, ఇంట్లో తలుపేసుకుని ఒకసారి కత్తి పడవ చేసి చూసుకోండి. పక్క సీట్లో ప్రతిసారీ అలాంటి పెద్దాయన దొరకడు.