ఎర్తు

ఆటపాక దగ్గర చేపల చెరువు చూసుకోవడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఆసామి కారు, పొద్దుగూకే వేళకి గట్టు మీదే మొరాయించింది. తాళం తిప్పితే ‘టిక్’ మనడమే తప్ప ఇంజను కదల్లేదు. హెడ్‌లైట్లు మాత్రం ధగధగా వెలుగుతున్నాయి. ఆ జబ్బుకి అప్పటికే ఏలూరులో కొత్త బ్యాటరీ వేయించాడు, గూడెంలో సెల్ఫ్ మోటారు మార్పించాడు.

కాపలా కుర్రాడు పక్క లంక గ్రామం నుంచి మేస్త్రీని తీసుకురావడానికి పరిగెత్తాడు. ఈలోగా ఆసామికి ఫోనొచ్చింది.

“మేత రేటు చూశారా? చేపకి ధర లేదు. లీజు సంగతి పట్టుబడి అయ్యాక చూద్దాం” అని పెట్టేశాడు.

పాతికమంది చిన్న రైతుల జిరాయితీ పొలాలు కలిపి తవ్విన చెరువది. కొల్లేరు సరస్సుకి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరుకి బయట ఉండబట్టి, లోపలి చేపల చెరువుల్ని తెగ్గొట్టిన 2006 ఆపరేషన్ కొల్లేరులో దాని గట్లు తెగలేదు.

మేస్త్రీ వచ్చాడు. పెద్ద వయసు, చేతిలో చిన్న సంచి. బానెట్ ఎత్తించి, “ఒకసారి తాళం తిప్పండి బాబుగారూ” అని చెవి ఒగ్గి విన్నాడు. సంచిలోంచి లావుపాటి వైరు తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజను దిమ్మ మీద శుభ్రమైన ఇనుముకి పట్టించాడు.

“ఇప్పుడు కొట్టండి.”

ఇంజను ఒక్క ఊపున అందుకుంది.

ఆసామి నోరు తెరిచాడు. “బ్యాటరీ కొత్తది, మోటారు కొత్తది, లైట్లు వెలుగుతున్నాయి. మరి లోపం ఎక్కడయ్యా?”

“ఒక్కో లైటుకి నాలుగైదు ఆంపియర్లు చాలండి. సెల్ఫ్ మోటారుకి 150, 200 కావాలి. మీరు తాళం తిప్పగానే చిన్న కరెంటు సోలినాయిడ్‌కి వెళ్తుంది. అది పళ్ళచక్రాన్ని ఫ్లైవీల్ మీదకి తోసి, పెద్ద కరెంటుకి కాంటాక్టులు కలుపుతుంది. మీకు వినపడే టిక్ అదేనండి. వెళ్ళిన కరెంటు మోటారు తిప్పి, ఇంజను దిమ్మలోంచి బాడీకి, బాడీలోంచి బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద కదండీ! దాన్నీ బాడీనీ కలిపేది ఈ ఎర్తు పట్టీయే.”

టార్చి వేసి చూపించాడు. అల్లిన రాగి పట్టీ పచ్చగా చిలుం పట్టి, బోల్టు కింద తుప్పు పొరలు కట్టి ఉంది. చెరువు గట్ల చెమ్మా బురదా చేసిన పని. చిన్న కరెంటు ఆ తుప్పులోంచి ఎలాగో జారుకుంటుంది, పెద్దది రాలేదు.

మేస్త్రీ బోల్టు విప్పాడు. పట్టీ కొసనీ, బాడీ మీద అది కూర్చునే చోటునీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాడు. తన వైరు తీసేసి మళ్ళీ కొట్టించాడు. బండి హాయిగా స్టార్టయింది.

“ప్లస్సు వైపు మీరు ఎంత ఖర్చు పెట్టినా, వెళ్ళింది తిరిగొచ్చే దారి మూసుకుపోతే కదలదండి.”

ఆసామి సంబరపడిపోయి ఐదొందల నోటు తీశాడు. “భలే పనివాడివయ్యా! ఏ ఊరు నీది? ఇన్నాళ్ళూ నా కంట పడలేదే?”

మేస్త్రీ నోటు అందుకోలేదు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

“ఈ పక్క ఊరేనండి. మీ చెరువులో దక్షిణం గట్టు పక్క ఎకరం నాదేనండి. రెండేళ్ళ లీజు రావాలి. ఈ పనికి ఏమీ ఇవ్వక్కర్లేదు గానీ, ఆ ఎర్తు కూడా ఒకసారి చూసుకోండి బాబుగారూ.”