విమానం ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చే విధానం

కూతురి పురుటికి అమెరికా వెళ్లే గద్వాల తల్లి మొట్టమొదట చేయాల్సిన పని పెట్టె తూకం వేయడం. కంది పొడి, నువ్వుల పొడి, వడియాలు, వియ్యపురాలికి జరీ అంచు గద్వాల చీర, అన్నీ సర్దాక 23 కిలోల మీద గ్రాము తేలినా ఊరుకోకూడదు. పాస్‌పోర్టును మాత్రం బీరువాలో పొలం కాగితాల కిందే ఉండనివ్వాలి. ప్రయాణం ముందురోజు సాయంత్రం దాకా దాని జోలికి వెళ్లకూడదు.

తీసినా, ఫొటో ఉన్న పేజీలో కింది వైపు చూడకూడదు. జారీ తేదీ పక్కనే గడువు తేదీ ఉంటుంది. పొరపాటున కంటబడితే, "ఇంకా నాలుగు నెలలుందిగా!" అని మూసేయడమే మర్యాద.

దుబాయి, సింగపూర్, థాయిలాండ్ వెళ్లేవారికి ఈ పద్ధతి తిరుగులేనిది. పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలని ఆ దేశాల పట్టు. 1500 రూపాయలు కట్టి పదేళ్లకని తీసుకున్న పుస్తకం వాళ్ల లెక్కలో తొమ్మిదిన్నరేళ్లకే రిటైరవుతుందన్నమాట. షెంజెన్ దేశాలు కాస్త నయం. అక్కడి నుంచి బయల్దేరే రోజు తర్వాత 3 నెలలుంటే చాలంటాయి.

ఈ కబురు చెప్పేది పరాయి దేశపు అధికారి అనుకుంటారు చాలామంది. అంతదూరం పోనిస్తే గదా! శంషాబాద్‌లో బోర్డింగ్ పాసు ఇచ్చే కౌంటర్ దగ్గరే కథ ముగుస్తుంది. కాగితాలు సరిగా లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే వెనక్కి తెచ్చే భారం విమాన సంస్థదే, పైగా జరిమానా. అందుకే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి టైమాటిక్ అనే డేటాబేస్‌లో ఆ దేశం నిబంధన చూసుకుంటుంది. ఎమ్మెల్యే పీఏతో ఫోను చేయించినా టైమాటిక్ కరగదు.

అమెరికా దగ్గర మాత్రం ఈ పద్ధతి కొంచెం తడబడుతుంది. అక్కడా ఆరు నెలల నియమం ఉంది గానీ, ఇండియాకు మినహాయింపు ఇచ్చారు. నాలుగు నెలల గడువుతోనూ గద్వాల తల్లి దిగిపోవచ్చు. అయినా నిరాశ పడక్కర్లేదు. ఎన్నాళ్లుండొచ్చో చెప్పే ఐ-94 తేదీని పాస్‌పోర్టు గడువు దగ్గరే ఆపేయొచ్చు. హెచ్-1బి అల్లుళ్లలో ఈ దెబ్బ తిన్నవాళ్లున్నారు. పనికి అనుమతి మూడేళ్లని కాగితం చెబుతుంది, ఐ-94 మాత్రం పాస్‌పోర్టుతో పాటే అయిపోతుంది. దిగాక దాన్ని ఆన్‌లైన్‌లో తెరిచి చూడకపోవడం ఈ విద్యలో పై తరగతి.

కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాతదాంట్లోని పదేళ్ల వీసా పోతుందన్న భయాన్నీ జాగ్రత్తగా పెంచుకోవాలి. నిజానికి రెండు పుస్తకాలూ వెంట ఉంటే అమెరికా వీసా చెల్లుతుంది. ఈ సంగతి కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి రానివ్వకూడదు.

పిల్లల విషయం ఇంకా సులువు. తల్లిదండ్రులది పదేళ్లు కాబట్టి పిల్లాడిదీ పదేళ్లే అనుకుంటే సరి. వాడిది ఐదేళ్లకే తీరిపోతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాసులకు 2026 ప్రత్యేకంగా కలిసొచ్చే ఏడాది. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. ఆ ఏడాది పెద్దలు తీసుకున్న పదేళ్ల పాస్‌పోర్టులన్నీ ఇప్పుడు వరసగా పండుతున్నాయి. అక్టోబరు 11కు ముందువైతే చిరునామాలో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాయే. తరతరాలుగా బొంబాయి, పుణె పనులకు మూటాముల్లెతో బస్సెక్కిన పాలమూరు జనానికి, ప్రయాణానికి కాగితం అడ్డుపడటం కొత్తే మరి.

గడువుకు ఏడాది ముందే రీఇష్యూకి దరఖాస్తు చేసుకోవచ్చు. 2017లో మొదలైన పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల పుణ్యమా అని మహబూబ్‌నగర్‌లోనే పని జరుగుతుంది. కనుక "పట్నం పోవాలి గదా, దసరా పోనీ" అనాలి. దసరా పోయాక సంక్రాంతి ఉండనే ఉంది. ఆఖరికి తత్కాల్ కింద ఇంకో 2000 సమర్పించుకోవచ్చు.

సాగనంపడానికి జీపు నిండా బంధువులు రావడం తప్పనిసరి. దారిలో బీచుపల్లి ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టాలి. వెనక్కి వచ్చేటప్పుడూ అదే దారి కాబట్టి మొక్కు తీర్చుకోవడం తేలిక.

సర్దిన పెట్టె విప్పడానికి మనసొప్పకపోతే నేపాల్ ఉంది. పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డుతో ఖాట్మండు విమానం ఎక్కొచ్చు. ఓటరు కార్డు మీద గడువు తేదీ ఉండదు. ఇంటిపేరు తప్పు పడి ఉంటే మాత్రం అది వేరే సంగతి.